చంద్రగిరి రాజమహలు: కట్టడము చెప్పు చరిత్ర

కాట్పాడినుండి తిరుపతికి పోవు రైలు మార్గమున చిత్తూరు, పాకాల దాటిన పిదప చంద్రగిరి వచ్చును. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడునంతవరకు అది మన ఉత్తరార్కాటు జిల్లాలోనిదే. అచ్చటి కోటలో నిలిచియున్న రాజమహలు, రాణీమహలు అను రెండు భవనములు అరవీటి రాజుల నగరులలో మనకు దక్కిన శేషములు. వీనిని గూర్చి వ్రాసినవారు పలువురు. అయినను ఆ వ్రాతలలో కథ హెచ్చు, కట్టడము తక్కువ. కట్టడమునే సాక్షిగా నిలిపి విచారించుట ఈ వ్యాసోద్దేశము.

1565లో తళ్ళికోట యుద్ధము ముగిసిన పిదప రాజధాని విజయనగరమునుండి పెనుగొండకు తరలెను. రెండవ వేంకటపతిరాయల కాలమున (1586–1614) అది చంద్రగిరికిని, అనంతరము వేలూరికిని మారెను. తెలుగువారి నోట ‘రాయవేలూరు’ అను పేరు నేటికిని వినబడుచున్నది. కాని వేలూరి కోటలో రాయల నగరు ఇట్టిదని చూపుటకు చంద్రగిరివలె చెక్కుచెదరని భవనము లేదు. కావుననే చంద్రగిరి మనకు మిక్కిలి ముఖ్యము.

రాజమహలు మూడంతస్తుల మేడ. రాయి, ఇటుక, సున్నములతో కట్టిరి; కలప వాడలేదు. దూలములు మోయవలసిన బరువును లావైన స్తంభములును, వానిపై వంచిన కమానులును, గూడుకప్పులును మోయుచున్నవి. నడుమనున్న కొలువుకూటము రెండంతస్తుల ఎత్తు లేచినది. ముఖభాగమున వరుసలుగా కమానులు. పైన దేవాలయ విమానములను తలపించు శిఖరములు. క్రింద కమాను, మీద శిఖరము: ఈ కూర్పే ఈ మేడ స్వభావము.

ఈ కూర్పును చూచి పలువురు దీనికి ‘ఇండో-సారసెనిక్’ అని పేరు పెట్టిరి. ఆ పేరు 19వ శతాబ్దిలో ఆంగ్లేయుల ఏలుబడిలో వెలసిన కట్టడములకు చెల్లును; 1892లో పూర్తియైన మదరాసు హైకోర్టు అట్టిది. రాయల మేడకు ఆ పేరు తగిలించుట మనుమని పేర తాతను పిలుచుట వంటిది. ఓటమి పిమ్మట పరుల శైలి వచ్చి చేరినదనుటయు నిలువదు. తళ్ళికోటకు ముందే హంపీలోని కమలమహలు కమానులను, విమానము వంటి శిఖరములను ఒక్కచోట కూర్చినది. సుల్తానుల వాస్తువును విజయనగర శిల్పులు నేర్చి తమదిగా చేసికొనిరి.

రెండవ లోపము జనశ్రుతిని శాసనముగా గైకొనుట. మదరాసు దానపత్రము రాజమహలులోనే వ్రాయబడెనని చెప్పుదురు. 1639లో ఫ్రాన్సిస్ డేకు ఆ పట్టా నిచ్చినవాడు దామర్ల వేంకటాద్రి నాయకుడు. అతని తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్టణము వెలసినది. దామర్లవారి కీర్తికి ఆ పట్టా చాలును. ఆ ఘట్టమును రాజమహలులోనికి తెచ్చుటవలన మేడకు గౌరవము పెరుగదు.

ఈ జాగ్రత్త వేలూరిలో మరింత అవసరము. అచ్చటి మహళ్ళ పేర్లు హైదరు, టిప్పు, బేగం, కాండీ, బాదుషా. 1780లో మొదలైన రెండవ మైసూరు యుద్ధమున హైదరలీ ముట్టడించియు ఆ కోటను పట్టుకొనలేకపోయెను. టిప్పు 1799లో మరణించిన పిదప గాని అతని కుటుంబము అచ్చటికి రాలేదు. కండి రాజ్యపు కడపటి రాజు, మధుర నాయక వంశసంబంధి శ్రీ విక్రమ రాజసింహుడు 1816నుండి 1832లో చనిపోవువరకు అచ్చట బందీగా నుండెను. కావున ఆ పేర్లను బట్టి కట్టించినవారిని నిర్ణయింపరాదు. కమాను కన్పించినంతమాత్రమున అది తురుష్కుల కట్టడమనియు చెప్పరాదు; ఆ సంగతి చంద్రగిరియే నేర్పుచున్నది.

చంద్రగిరి మహలులో ఇప్పుడు పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల కలదు. మన పిల్లలు దానిని చూచి వచ్చి “రాజుల మేడ” అని మాత్రము చెప్పుదురు. తెలుగును ఒక పాఠ్యాంశముగా మాత్రమే చదువు ఈ ప్రాంతపు బాలబాలికలకు, తమ భాష కొలువుదీరిన చోటు రైలుప్రయాణపు దూరముననే కలదని తెలియుట చిన్న విషయము కాదు. అయితే అది పొగడ్తతో తెలియదు. కమాను ఎట్లు బరువు మోయునో, శిఖరము ఏ ఆలయమును పోలునో పిల్లలచేత కొలిపించి, గీయించి, తెలుగున వ్రాయింపవలెను. మన సంఘము ఏటేట ఒక భవనమును గైకొని ఈ పని చేయించినచో, మన చరిత్రకు జనశ్రుతిని మించిన ఆధారము లభించును.