జాబ్‌కార్డులో ఏం రాశారు?

ఒకప్పుడు బెజవాడ లారీ ఓనరుకి ఇంజిన్ చప్పుడు వింటే చాలు, జబ్బేమిటో తెలిసిపోయేది. తెలియకపోతే జవహర్ ఆటోనగర్‌లో ఏదో ఒక షెడ్డు ముందు ఆపితే మేస్త్రీ చెప్పేవాడు. నాజిలో, పంపో, క్లచ్ ప్లేటో విప్పి, బిగించి పంపేవాడు. డబ్బు వదిలేది గానీ బండి రోడ్డెక్కేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక ఆ మేస్త్రీ కూడా కొత్త బండి చూసి చేతులు కట్టుకున్నాడు. బయట పానా పెట్టిస్తే వారంటీ పోతుందని ఓనరుకి భయం. పెట్టించకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్ గేటు దగ్గర పడిగాపులు.

పెద్ద లారీల ఇంజిన్‌కి ఆరేళ్లు, ఆరు లక్షల కిలోమీటర్ల వారంటీ అని కంపెనీలు చెప్పుకుంటున్న రోజులివి. వినడానికి ధైర్యంగానే ఉంటుంది. కానీ ఆ కాగితం హామీ ఇచ్చేది పాడైన సామాను ఉచితంగా బాగుచేస్తామని. బండి తిరుగుతుందని కాదు. ఈ రెండింటి మధ్య ఎంత దూరముందో మా బావ లారీ వల్ల తెలిసింది.

బావకి ఉన్నది ఒకటే లారీ. తనే తోలుతాడు, తోడుగా ఇంకో డ్రైవరు. కైకలూరు వైపు చేపలు ఎక్కించుకుని హౌరా వెళ్తాడు, కోతలప్పుడు ధాన్యం మిల్లులకు తోలతాడు. కొన్న ఏడాది తిరక్కుండానే బండికి రోగం పట్టింది. డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, హనుమాన్ జంక్షన్ దాటేసరికి పికప్ పడిపోతుంది, ఎంత తొక్కినా ఎద్దుబండి నడకే. సర్వీస్ సెంటర్‌లో ల్యాప్‌టాప్ తగిలించి ఒకసారి సెన్సార్ మార్చారు. ఇంకోసారి "కోడ్ క్లియర్ చేశాం, ట్రయల్ కొట్టాం, ఓకే" అన్నారు. ఆ తర్వాత ప్రశ్నలు బావ వైపు తిరిగాయి. డీజిల్ ఎక్కడ కొట్టించారు? యూరియా లూజుగా కొన్నారా? బాడీ కట్టించినప్పుడు వైరింగ్‌లో ఎవరైనా వేలు పెట్టారా?

ఆ ప్రశ్నలు పూర్తిగా అన్యాయమని అనను. ఈ బండ్లలో పొగలోని మసిని పట్టడానికి ఒక ఫిల్టరుంటుంది, విషవాయువుని విరిచేయడానికి 32.5 శాతం యూరియా కలిపిన ద్రావణాన్ని సైలెన్సర్ దారిలో చిమ్ముతారు. ఫిల్టరులో చేరిన మసి కాలి బూడిదవ్వాలంటే పొగ బాగా వేడెక్కాలి. హైవే మీద బరువుతో గంటలకొద్దీ పరిగెత్తే బండికి అది దానంతటదే జరిగిపోతుంది. మన డెల్టాలో ధాన్యం బండి చేసే పనేమిటి? పంట కాలవ గట్టు మీద నత్తనడక, మిల్లు ముందు ఇంజిన్ ఆపకుండా లైన్లో నిలబడటం, మళ్లీ నాలుగు మైళ్లు. మసి కాలదు, ఫిల్టరు పూడుతుంది, కంప్యూటర్ ఇంజిన్ గొంతు నొక్కేస్తుంది. దీన్ని వాడకం తప్పు అంటుంది కంపెనీ. గుడివాడ, పామర్రు రోడ్లలో ఇలాగే తిరుగుతుందని తెలిసి అమ్మిన బండికి అది వాడకం తప్పెలా అవుతుంది? పైగా బావ బండి ఆగింది గట్ల మీద కాదు, జాతీయ రహదారి మీద, చేపల లోడుతో. వారంటీ షరతుల్లో కరిగిన ఐసుకి ఖాతా లేదు, పోయిన కిరాయికీ లేదు. ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఐదో తారీఖుకి ఠంచనుగా పడుతుంది.

బండి రిపేరుకి వెళ్లినప్పుడల్లా సర్వీస్ సెంటర్‌లో ఫిర్యాదు, చేసిన పని రాసిచ్చే కాగితమే జాబ్‌కార్డు. ఈ మధ్య బావ ఇంట్లో అవన్నీ మంచం మీద పరిచి చూశాను. ఒకదాంట్లో "పికప్ తక్కువ". ఇంకోదాంట్లో "చెక్ ల్యాంప్". మరోదాంట్లో "జనరల్ చెకప్". చేసిన పనేమో దాదాపు ప్రతిదాంట్లోనూ పొగ లైను మీదే. కాగితాల ప్రకారం చూస్తే ఏ జబ్బూ తిరగబెట్టలేదు! మోసమనక్కర్లేదు. సర్వీస్ అడ్వైజరుకి కార్డు త్వరగా మూయడమే పని, బావకి బండి త్వరగా బయటికి రావడమే పని. ఇద్దరి తొందరలో రుజువు గల్లంతైంది.

తర్వాతిసారి నేనూ వెళ్లాను. "పాత కంప్లైంటే మళ్లీ వచ్చిందని రాయండి బాబూ" అన్నాను. "సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదు సార్" అన్నాడా కుర్రాడు. "రిమార్క్స్ గడి ఉందిగా?" అంటే నా ముఖం, స్క్రీను మార్చి మార్చి చూసి టైపు చేశాడు. పాత కార్డు నంబరు, తేదీ కూడా వేయించాం. సంతకం చేసేముందు చదువుకోవడం, బండి లోపలికెళ్లిన రోజు, బయటికొచ్చిన రోజు, కిలోమీటర్లు, ల్యాప్‌టాప్ చూపిన కోడ్, మార్చిన సామాను నంబరు రాయించుకోవడం, సొమ్ము కట్టకపోయినా సున్నా బిల్లు అడిగి తీసుకోవడం: స్టీరింగ్‌లాగే ఇదీ చేతికి రావలసిన విద్యే. డీజిల్, యూరియా బిల్లులు పారేయకూడదు.

ఎందుకింత పట్టుదలంటే, కోర్టు మెట్లెక్కితే మాట్లాడేది ఈ కాగితాలే. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు, లారీ కొని తనే కిరాయికి తిప్పుకునేవాడు వినియోగదారుడేనంది. పూర్తిగా వేరొకరి చేత నడిపిస్తే కాడంది. బావకి ఆ తలుపు తెరిచే ఉంది, పది లారీల షావుకారుకి కష్టం. 2006లో మరో కేసులో అదే కోర్టు, వారంటీలో రాసింది లోపమున్న సామాను మార్చడమే కాబట్టి బండి మొత్తం మార్చమనలేమంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి బాధ్యత అని గొప్పగా ఒక అధ్యాయం పెట్టారు గానీ, అందులో హాని అన్న మాటకిచ్చిన అర్థంలోంచి వ్యాపార నష్టాన్ని తీసేశారు. మిగిలింది లోపమున్న వస్తువు, సేవాలోపం అనే పాత దారే. దానికీ రెండేళ్లే గడువు. రిపేర్లు జరుగుతున్నాయిగా అన్న ధీమాతో కూర్చోకూడదు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం 1982లోనే చట్టం చేసింది: కొత్త కారుకి ఒకే లోపం నాలుగుసార్లు బాగుచేసినా పోకపోతే, లేదా మొత్తం 30 రోజులు షెడ్డులోనే పడి ఉంటే, బండైనా మార్చాలి, డబ్బైనా తిరిగివ్వాలి. అలాంటి లెక్క మన చట్టంలో ఇవాళ్టికీ లేదు.

ఒంటరి ఓనరుకి దొరకని బలం మోటారు వాహనాల చట్టం 110ఏ సెక్షన్‌లో ఉంది. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఆ నిబంధన ప్రకారం, ఒక రకం బండిలోని లోపం పర్యావరణానికో, రోడ్డు మీద మనుషులకో హాని చేసేదైతే, నిర్ణీత శాతం యజమానులు ఫిర్యాదు చేస్తే, కేంద్రం ఆ బండ్లన్నిటినీ వెనక్కి పిలిపించమని కంపెనీని ఆదేశించవచ్చు. పొగ శుద్ధి చేసే యంత్రం చెడితే హాని పర్యావరణానికే కదా! అందుకే మన లారీ ఓనర్ల సంఘాలకు నా విజ్ఞప్తి. ఆఫీసులో ఒక రిజిస్టరు తెరవండి. ఏ మోడల్, ఏ కోడ్, ఎన్నిసార్లు, ఎన్నాళ్లు ఆగిందో సభ్యుల చేత రాయించండి, జాబ్‌కార్డు నకలు జతచేయండి. మొదటి పేజీలో మా బావ బండి వివరాలు రాసి, సంతకం చేయించే బాధ్యత నాది.