గుర్రం చెప్పిన కథ

సినిమాలకు మాటలు రాసి బతికేవాణ్ణి నేను. ఈ వారం ఒక మూకీ చూశాను. జాన్ ఫోర్డ్ 1925లో తీసిన ‘కెంటకీ ప్రైడ్’. రెండోసారి కూడా చూశాను.

కథ రేసుల మెలోడ్రామా. పేకాటలో ఆస్తి పోగొట్టుకున్న బోమాంట్ అనే ఆసామి తన ఆడగుర్రం వర్జీనియాస్ ఫ్యూచర్ మీదే ఆశ పెట్టుకుంటాడు. పందెంలో దాని కాలు విరుగుతుంది. కాల్చేయమంటారు. ట్రెయినర్ డొనొవాన్‌కు చేతులు రావు, దాచి బతికిస్తాడు. అది ఒక పిల్లను కంటుంది, తర్వాత చేతులు మారి బండి లాగే బతుక్కి దిగజారుతుంది. చివరికి దాని కూతురు కాన్ఫెడరసీ పందెం గెలుస్తుంది.

ఇదంతా చెప్పేది గుర్రమే. డొరొతీ యోస్ట్ రాసిన ఈ కథలో, మాటలు చూపించే టైటిల్ కార్డు మీద ‘నేను’ అని కనిపిస్తే ఆ ‘నేను’ వర్జీనియా. నన్ను పట్టేసింది ఇదే. టాకీలో గుర్రం మాట్లాడాలంటే ఎవరో గొంతు అరువివ్వాలి, అప్పుడది పిల్లల బొమ్మ అయిపోతుంది. మూకీలో ఆ ఇబ్బంది లేదు. ఆసామి మాటా కార్డు మీదే, గుర్రం మాటా కార్డు మీదే. ఇద్దరికీ అవే అక్షరాలు. అందుకే ఆ తల్లి బాధను మనిషి బాధలాగే నమ్మాను. రెండేళ్లకు, 1927లో, సినిమా మాట నేర్చింది. మనిషికి గొంతు వచ్చింది, గుర్రానికి సకిలింపే మిగిలింది. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేల విడుస్తాయా అని తేల్చడానికి 1878లో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి ఫొటోలు తీశాడు. అలా సినిమాకు దారి వేసిన జీవికి అంత త్వరగా మాట పోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

ఫోర్డ్ ఇందులో నిజం గుర్రాలనే చూపించాడు. 21 పందేల్లో 20 గెలిచిన మేన్ ఓ’వార్, దాని తండ్రి ఫెయిర్ ప్లే కూడా ఉన్నాయి. వాటికి నటన అక్కర్లేదు, చూస్తే చాలు.

ఎద్దుల జతను సంతలో అమ్మే రైతుకి మొన్న పేజీన్నర డైలాగు రాశాను. ఈ సినిమా చూశాక, నిన్న రాత్రి దాన్ని తీసి చదివి, ఒక్క వాక్యం ఉంచి మిగతాది కొట్టేశాను. మాటలు రాసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ సినిమా ఒక్కసారి చూడండి.