'చేయగలవా?' అని అడిగే ముందు

ఏ పని ఇష్టం? ఏ పని చేయగలనన్న నమ్మకం ఉంది? 1927లో స్ట్రాంగ్ వేసిన ఆసక్తి పట్టిక, ఆ తర్వాత హాలండ్ చెప్పిన ఆరు రకాల మనుషులు, 1977లో బాండూరా ముందుకు తెచ్చిన స్వసామర్థ్య విశ్వాసం - అమెరికాలో వీటిమీద కట్టిన పరీక్షలనే స్పానిష్ మాట్లాడే యూనివర్సిటీ విద్యార్థులకూ మార్చి పెడుతున్నారు. మనకెందుకీ గొడవ అనుకోవద్దు. ఇంకొకరి కోసం చేసిన కొలబద్ద మన వీపు మీదకీ వస్తుంది.

ఇంగ్లీషు ప్రశ్నని స్పానిష్‌లోకి మార్చి, వేరొకరిచేత మళ్ళీ ఇంగ్లీషులోకి మార్పించి, రెండూ పోల్చి చూస్తారు. ఆ కష్టాన్ని మేం తీసిపారెయ్యడం లేదు. కానీ మాట కుదిరితే కొలత కుదిరినట్టేనా? స్పానిష్‌లో 'కరేరా' అంటే ఉద్యోగ జీవితమే కాదు, యూనివర్సిటీలో చదివే కోర్సు కూడా. ఆ పిల్ల దేని గురించి జవాబిచ్చినట్టు? 'నమ్మకంగా ఉన్నావా' అనడానికి మగవాడికి 'సెగురో', ఆడమనిషికి 'సెగురా'. 'ఇంజనీరు' అన్న మాటకీ ఆడ, మగ రూపాలు వేరు. అంతటా మగ రూపమే అచ్చేసి, అమ్మాయిలకు ఇంజనీరింగంటే ఆసక్తి తక్కువని తేలిస్తే ఎట్లా? మూలమేం తక్కువ తినలేదు, స్ట్రాంగ్ పట్టిక 1974 దాకా ఆడవాళ్ళకో ఫారం, మగవాళ్ళకో ఫారంగా నడిచింది.

అసలు పేచీ నమ్మకం దగ్గరుంది. చేసి గెలిచిన అనుభవమే దానికి అన్నిటికన్నా బలమైన ఆధారమని బాండూరానే అన్నాడు. ఇంట్లో కెచువా, బళ్ళో స్పానిష్ మాట్లాడుతూ పెరూ కొండల్లోంచి మొదటిసారి యూనివర్సిటీకొచ్చిన పిల్లని 'ప్రయోగం చేయగలవా' అని అడిగితే, ల్యాబ్ మొహం చూడని ఆ పిల్ల ఏ అంకె చుట్టూ సున్నా చుడుతుంది? కౌన్సెలర్ దాన్ని ఆత్మవిశ్వాసం లేకపోవడం అని రాసుకుంటాడు. లేనిది ల్యాబ్. మాలో ఒకరం ఇంటర్ దాకా మైక్రోస్కోపు ముట్టుకోలేదు. ఆనాడు మమ్మల్నడిగినా అదే అంకె.

ఇష్టం సంగతీ అంతే. హాలండ్ ఆరు రకాల్లో మొదటిది చేతిపని, పనిముట్లు, మట్టి. తాతల నాటినుంచీ ఇతరుల పొలాల్లో గొడ్డుచాకిరీ చేసిన ఇంటి పిల్ల అక్కడ 'ఇష్టం లేదు' అని పెడుతుంది. మా వాడలో తోలుపని చేసిన ఇంటి కొడుకూ అదే పెడతాడు. అది అభిరుచి కాదు, ధిక్కారం. పట్టికలో రెంటికీ ఒకటే గడి.

1994లో లెంట్, బ్రౌన్, హాకెట్ రాసిన సిద్ధాంతం పుట్టుక, పరిసరం, దొరికిన అవకాశం అన్నిటినీ లెక్కలోకి తీసుకుంది. మరి పిల్ల చేతికొచ్చే స్కోరు కాగితంలో వాటికి చోటేది? స్పానిష్ రెండో భాషైన వాళ్ళను, ఇంట్లో మొదటి చదువరులను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో ప్రశ్న చదివించి, 'ఇందులో నీకేం అర్థమైంది' అని అడగాలి. ప్రతి 'చేయగలవా' పక్కన 'నీకెప్పుడైనా చేయనిచ్చారా' అని ఇంకో గడి గీయాలి. సగటు లెక్కలు ఆ తర్వాత కడుదురు.