తోక మీద బాంధనీ

2023 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ కొత్త బోయింగ్ 737 మ్యాక్స్ విమానాన్ని ముంబయిలో ఆవిష్కరించింది. దాని తోక నిండా చుక్కల బాంధనీ నమూనా. రాబోయే విమానాలకు అజ్రఖ్, పటోలా, కంచిపట్టు, కలంకారీ నమూనాలు వేస్తామనీ చెప్పింది. ఫ్లైట్ సిమ్యులేటర్లలో రీపెయింట్లు చేసేవాళ్లకు, అంటే అక్కడి విమానాలకు కొత్త రంగులు వేసేవాళ్లకు, ఇంతకన్నా పెద్ద పండగ ఉండదు, ఇంతకన్నా కష్టమైన పనీ ఉండదు.

పని పెయింట్ కిట్‌తో మొదలవుతుంది. మోడల్ తయారుచేసినవాళ్లు ఇచ్చే ఫొటోషాప్ ఫైల్ అది. అందులో విమానం ఒళ్లంతా విప్పి బల్లపరుపుగా పరిచి ఉంటుంది: ఫ్యూజ్‌లాజ్ ఒకచోట, రెక్కలు మరోచోట, రడ్డర్ ఏ మూలో తలకిందులుగా. రివెట్లు, రేకుల అతుకులు, నీడలు విడి పొరల్లో ఉంటాయి. రంగు వాటి కింది పొరలో పడాలి. పైన పడిందా, రివెట్లన్నీ మాయం.

తెల్ల విమానానికి నీలం చార వెయ్యడం తేలికే. బాంధనీ చుక్కల దగ్గరే అసలు పరీక్ష. షీటు మీద గుండ్రంగా పెట్టిన చుక్క, తోక మొదట్లో ఒంపు తిరిగే చోట సాగి కోలగా కనిపిస్తుంది. అందుకని అక్కడ దాన్ని ముందే రెండో వైపుకు సాగదీసి గియ్యాలి, విమానం మీద గుండ్రంగా తేలడానికి. పైగా తోకలో నిలువుగా నిలిచే ఫిన్, దాని వెనక కదిలే రడ్డర్ వేర్వేరు ముక్కలు. ఫిన్ మీద మొదలైన వరుస రడ్డర్ మీద ఎక్కడా తెగకుండా సాగాలి. పని తెలిసినవాళ్లు ముందు గళ్లు గీసి, ప్రతి గడికీ అంకె వేసి, ఆ షీటునే విమానానికి తొడిగి చూస్తారు. ఏ గడి ఎక్కడ సాగింది, ఏ అంకె పక్కన ఏ అంకె వచ్చింది అన్నది రాసుకున్నాకే డిజైన్ జోలికి వెళ్తారు. రీపెయింట్‌లో కళ ఉందా అని అడిగేవాళ్లు ఆ గళ్ల షీటును ఒకసారి చూడాలి.

కొన్ని మోడళ్లలో రెండు పక్కలకూ ఒకే బొమ్మ అద్దంలోలా తిరగబడి పడుతుంది. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ పాత 737-800 విమానాల తోకకు ఒక్కో వైపు ఒక్కో బొమ్మ ఉండేది. అద్దంలోలా తిప్పే మోడల్ మీద ఆ బొమ్మలను వెయ్యడం కుదరని పని.

దూరం సంగతి వేరు. 4096 పిక్సెళ్ల షీటుతో పాటు 2048, 1024 అంటూ సగం సగం చేసిన ప్రతులూ సిమ్యులేటర్ చదివే డీడీఎస్ బొమ్మ ఫైల్లో ఉండాలి. లేకపోతే దూరాన ఎగిరే విమానం మీద చుక్కలు మిణుకుమిణుకుమంటూ కళ్లను ఇబ్బంది పెడతాయి.

కలంకారీతో చిక్కు మరో రకం. పెడన అద్దకం చెక్క అచ్చులతో సాగుతుంది. ఒక పువ్వు గీసి, దాన్నే వరుసగా అతికించినా ఆ పద్ధతికి అన్యాయం జరగదు. శ్రీకాళహస్తి పని అలా కాదు, వెదురు కలంతో చేత్తో గీసేది. అక్కడ ఒకే ఆకును కాపీ చేసి తోకంతా నింపితే అది శ్రీకాళహస్తి కలంకారీ అనిపించుకోదు. పెన్ టాబ్లెట్ మీద ప్రతి తీగనూ విడిగా లాగాల్సిందే, గీత సన్నబడే చోట సన్నబడనివ్వాల్సిందే.

ఇంత చేసి, చాలామంది ఉచితంగానే పంచిపెడతారు. లివరీతో, అంటే ఆ రంగుల డిజైన్‌తో, వచ్చే రీడ్‌మీ ఫైల్లో విమానం రిజిస్ట్రేషన్, పెయింట్ కిట్ ఎవరిదన్న వివరం రాస్తారు. ఆ నమూనా ఏ ఊరిదో కూడా అందులో చేరాలి: పెడనదైతే పెడన అని, శ్రీకాళహస్తిదైతే శ్రీకాళహస్తి అని.