ఎవరి కోసం ఎవరు ఆగారు

యానాంకి రైలు లేదు. ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో పుదుచ్చేరికి 1879లోనే పట్టాలు వచ్చాయి, కారైకాల్‌కి 1898లో వచ్చాయి. గౌతమి ఒడ్డున ఉన్న మనకి మాత్రం ఇవాళ్టికీ కాకినాడ వెళ్తేనే రైలు. ఆ కాకినాడ లైన్నే 1930ల నాటి రూపంలో ఇంట్లో మోడల్ రైల్వేగా కట్టుకుంటున్నాను. సామర్లకోట జంక్షను, అక్కణ్ణించి కాకినాడ, ఆపైన రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవు.

చూడవచ్చినవాళ్లు ముందు ఇంజన్ల దగ్గరికి వెళ్తారు. పెట్టెలకి రంగు ఎలా కుదిరిందని అడుగుతారు. నా తపనంతా వర్కింగ్ టైమ్ టేబుల్ మీద. ప్రయాణికులకి అమ్మే టైమ్ టేబుల్ బండి ఎప్పుడొస్తుందో చెప్పి ఊరుకుంటుంది. వర్కింగ్ టైమ్ టేబుల్ రైల్వే ఉద్యోగుల కోసం అచ్చేసింది. బండి ఆగని స్టేషన్‌ని కూడా ఎన్ని గంటలకి దాటాలో, ఎక్కడ ఏ బండికి క్రాసింగో, గూడ్సులకి ఏ వేళ దారి దొరుకుతుందో, ఏ వంతెన మీద వేగం తగ్గించాలో, బండిని పక్కకి నిలిపే లూపు లైన్లో ఎంత పొడవు బండి పడుతుందో అన్నీ అందులో ఉంటాయి. విజయవాడ నుంచి వాల్తేరు దాకా మన మెయిన్ లైను చాలాకాలం సింగిల్ లైనే. అవతలి స్టేషన్ మాస్టరు లైన్ క్లియర్ ఇవ్వాలి, ఆ అనుమతి డ్రైవరు చేతికి అందాలి, అప్పుడే బండి కదలాలి. ఒక బండి సాగాలంటే ఇంకొకటి లూపులో నిలబడక తప్పదు. మెయిలు కోసం గూడ్సు ఎక్కడ ఎంతసేపు నిలబడిందో తెలిస్తే ఆ రోజుల రైల్వే నాకు కళ్లకి కట్టినట్టుంటుంది.

ఈ పుస్తకాలు చదివే పద్ధతి ఒకటుంది. గ్రాఫు కాగితం తీసుకుని నిలువునా స్టేషన్లు దూరాల ప్రకారం, అడ్డంగా గంటలు వేస్తాను. ఒక్కో బండికి ఒక్కో ఏటవాలు గీత. ఎదురు బళ్ల గీతలు రెండూ లూపు ఉన్న స్టేషన్లోనే ఒకదాన్నొకటి కోసుకోవాలి. స్టేషన్‌కి స్టేషన్‌కి నడుమ కోసుకుంటే అంకె చదవడంలోనో అచ్చులోనో తేడా ఉన్నట్టే. ఫ్రెంచి శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మరే 1885లో పారిస్‌లో వేసిన పుస్తకంలో పారిస్–లియాన్ బళ్ల పటం సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఇబ్రీ అనే ఫ్రెంచి ఇంజనీరు పద్ధతి అది. కంట్రోల్ ఆఫీసుల్లో సెక్షన్ కంట్రోలరు గీస్తూ వచ్చిన చార్టూ అదే జాతిది. రైలు రాని ఒకప్పటి ఫ్రెంచి ఊళ్లో కూర్చుని ఆ గీతలు గీస్తుంటే నాకు ఎంతో ఆనందంగా ఉంటుంది.

పాత పుస్తకం చేతికొస్తే ముందు చూడాల్సింది అది ఏ గడియారం ప్రకారం వేసిందన్న సంగతి. 1905 ముందు రైళ్లు నడిచింది మద్రాసు టైము మీద. అది ఇప్పటి మన టైము కన్నా సుమారు 9 నిమిషాలు వెనక. ఇప్పటి టైముకి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడకి కాస్త తూర్పుగానే పోతుంది. అందుకే యానాంలో సగటు ఎండ లెక్కకీ గడియారానికీ తేడా నిమిషం పైచిలుకే. 1900 నాటి మోడల్ కట్టి తెల్లవారుజాము బండికి దీపాల వెలుగు అమర్చాలనుకునేవాళ్లకి ఈ 9 నిమిషాలు అవసరమే. ఇంకో సంగతి, పుస్తకం ఏ కంపెనీదో కూడా చూడాలి. 1930ల్లో వాల్తేరుకి ఇవతల మద్రాస్ అండ్ సదరన్ మరాఠా, అవతల బెంగాల్ నాగపూర్. ఒకే మెయిలు, రెండు కంపెనీల పుస్తకాలు.

అసలు చిక్కు గదిలోకి వచ్చాక మొదలవుతుంది. కాకినాడ నుంచి కోటిపల్లి 45 కిలోమీటర్లు. 87వ వంతుకి కుదించినా 500 మీటర్లు దాటుతుంది. ఏ ఇంట్లో పడుతుంది? స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య నాకు దొరికేది మహా అయితే 5 మీటర్లు. గంటకి 30 కిలోమీటర్ల వేగాన్ని అదే కొలతకి తగ్గిస్తే సెకనుకి దాదాపు 10 సెంటీమీటర్లు. బండి 5 మీటర్లూ 50 సెకన్లలో దాటేస్తుంది. అసలు లైన్లో 5 కిలోమీటర్లకి 10 నిమిషాలు పట్టేది. అందుకే మోడల్ రైల్వేలో గడియారాన్ని వేగంగా తిప్పుతారు. 12 రెట్లు తిప్పితే ప్రయాణం సరిపోతుంది. కానీ పెట్టెలు విడదీసి కలిపే షంటింగ్ సంగతి? అసలు యార్డులో 20 నిమిషాలు పట్టే పనికి నా గదిలో 100 సెకన్లే మిగులుతాయి. కొక్కెం తగిలించే చెయ్యి గడియారంతో పాటు వేగం పుంజుకోదు కదా. నేను 6 రెట్ల దగ్గర స్థిరపడ్డాను. రోజు మొత్తం 4 గంటల్లో అయిపోతుంది. నిమిషాలు కొన్ని వదులుకున్నాను, వరస మాత్రం వదల్లేదు. మెయిలు దాటాకే గూడ్సు కదలాలి. సామర్లకోటలో మెయిలు దిగినవాళ్లకి కాకినాడ బండి అందాలి. ఏ బండి ఏ బండి కోసం ఆగిందో ఆ క్రమం నిలిస్తే చాలు, మిగతాది సర్దుకోవచ్చని నా నమ్మకం.

వర్కింగ్ టైమ్ టేబుల్‌కి అందనివీ ఉన్నాయి. బాల్యవివాహాలని అడ్డుకునే శారదా చట్టం వచ్చాక బ్రిటిష్ ఇండియా నుంచి ఆ పెళ్లిళ్లు చేయడానికి ఫ్రెంచి ఏలుబడిలోని యానాం తరలివచ్చేవారు. మన ఊరికి కల్యాణపురం అని పేరు పడింది అప్పుడే. ఆ పెళ్లిబృందాల జాడ ఏ బండి గడిలోనూ ఉండదు. పుష్కరాలకి వేసే ప్రత్యేక బళ్లకి వేరే ఉత్తర్వులుంటాయి, అవి వేరే వెతకాలి. కోటిపల్లిలో దిగి ముక్తేశ్వరం వైపు పడవెక్కేవాళ్ల తొందర ఇంటి పెద్దల మాటల్లోనే దొరుకుతుంది.

కోటిపల్లి లైను 1928లో పడింది. 1940లో యుద్ధం కోసం పట్టాలు పీకేశారు. మళ్లీ 2004లో గాని బండి నడవలేదు. మధ్యలో రెండు తరాలు గడిచిపోయాయి. కొత్త వర్కింగ్ టైమ్ టేబుల్ అమల్లోకి రాగానే పాతది చిత్తుకాగితం కింద లెక్క. అందుకే అవి ఇంత అరుదు. సామర్లకోటలోనో రాజమండ్రిలోనో కాకినాడలోనో తాతగారు గార్డుగానో స్టేషన్ మాస్టరుగానో చేసిన ఇళ్లుంటే ఒక్కసారి అటక మీది ట్రంకు పెట్టె తెరిచి చూడండి. పుస్తకం దొరికితే పాత పేపర్లవాడికి వేయకండి. లోపల దిద్దుబాటు చీటీలు అంటించి ఉంటే పీకకండి. ఆ చీటీ కింది అంకె, పైన అంటించిన అంకె రెండూ కావాలి.