తీగల మీద హెలికాప్టర్

'కొచీస్' పాట మొదట్లో వినిపించేది గిటారేనంటే తొలిసారి విన్నవాళ్లు నమ్మరు. ఎక్కడో దూరాన హెలికాప్టర్ రెక్కలు తిరుగుతున్న చప్పుడు. అది గాలిని కోసుకుంటూ వచ్చి మన నెత్తిమీదే నిలబడుతుంది. గిటారిస్టు టామ్ మొరెల్లో చేసిందల్లా తీగల మీద పెన్సిల్‌తో కొట్టడం, ఆ దెబ్బను డిలే పెడల్‌తో మళ్లీ మళ్లీ మోగించడం. ఆడియోస్లేవ్ బృందం తొలి ఆల్బమ్ ఈ చప్పుడుతో మొదలవుతుంది.

2002 నవంబరులో వచ్చిన ఆ ఆల్బమ్‌కు బృందం పేరే పెట్టారు. 2000లో గాయకుడు జాక్ డి లా రోచా వెళ్లిపోయాక 'రేజ్ అగైనెస్ట్ ద మెషీన్'లో మిగిలింది ముగ్గురు: మొరెల్లో, బేస్ వాయించే టిమ్ కామర్‌ఫోర్డ్, డ్రమ్స్ మీద బ్రాడ్ విల్క్. వాళ్లకు కొత్త గాయకుడిగా క్రిస్ కోర్నెల్ పేరు చెప్పింది నిర్మాత రిక్ రూబిన్. అలా పుట్టిందే ఆడియోస్లేవ్. కోర్నెల్ పాడిన సియాటిల్ బృందం సౌండ్‌గార్డెన్ 1997లోనే విడిపోయింది. అన్నాళ్లూ ర్యాప్ వెనక వాయించిన చేతులు, లెడ్ జెపెలిన్, బ్లాక్ సబ్బత్ లాంటి పాత రాక్ బృందాల బాటలో పెరిగిన గొంతు. ఈ రెండూ అతుకుతాయా అని అప్పట్లో చాలామందికి అనుమానం.

అతికిన తీరు చూడాలంటే మళ్లీ 'కొచీస్' దగ్గరికే రావాలి. హెలికాప్టర్ మోత తర్వాత వచ్చే రిఫ్ అచ్చంగా డెబ్బైల నాటి ఒడ్డూపొడుగూ ఉన్నది. గిటారూ బేసూ కలిసి ఒకే వరస వాయిస్తాయి. విల్క్ ఎక్కడా దెబ్బలు ఎక్కువ వెయ్యడు. తాళం మధ్య ఖాళీని ఖాళీగానే వదిలేస్తాడు, రిఫ్ బరువంతా ఆ ఖాళీలోనే ఉంది. కోర్నెల్ గొంతు అందులో నిలబడి, పల్లవికి వచ్చేసరికి తారస్థాయిలో చీరుకుపోతుంది. పాతకాలపు పునాది మీద కొత్త చప్పుడు నిలవడమంటే ఇదే.

'లైక్ ఎ స్టోన్' దీనికి పూర్తిగా వేరు. మరణం తర్వాతి కలయిక కోసం ఎదురుచూసే మనిషి పాట అది. చరణాల్లో కోర్నెల్ దాదాపు తనలో తను మాట్లాడుకుంటున్నట్టు పాడతాడు. సోలోలో మొరెల్లో వేళ్ల వేగం చూపించడు. వామీ పెడల్‌ను పాదంతో తొక్కుతూ స్వరాన్ని ఒక్కసారిగా పై స్థాయికి ఎగరేసి కిందికి దించుతాడు. మన చెవికి అది జారుడు గమకంలా తోస్తుంది, కాకపోతే ఇక్కడ పలికించేది వేలు కాదు, కాలు. ఏడుపును యంత్రంతో ఇలా అచ్చం మనిషి గొంతులా పలికించిన సోలోలు రాక్‌లో అరుదని నా నమ్మకం.

మొత్తం పద్నాలుగు పాటలు, గంటకు పైనే నిడివి. చివరి భాగంలో ఒకటి రెండు పాటలు తగ్గిస్తే ఇంకా బిగువుగా ఉండేది. అయినా 'ఐ యామ్ ద హైవే'లో కోర్నెల్ గొంతులోని ఆ మెత్తదనం విన్నాక ఆ మాట గట్టిగా అనబుద్ధి కాదు.

ఆ హెలికాప్టర్ మోతతో సహా వినిపించే ప్రతి శబ్దమూ గిటార్, బేస్, డ్రమ్స్, గొంతు నుంచి వచ్చిందేనని వాళ్లు ఆల్బమ్‌లో అచ్చువేసి మరీ చెప్పారు. కోర్నెల్ 2017లో పోయాడు, ఆ గొంతు మాత్రం ఇందులో మిగిలింది. ఈ ఆల్బమ్ ఇంకా విననివాళ్లు ఒక రాత్రి దీపం ఆర్పి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మొదటి పాట నుంచి వరసగా వినండి.