కంకి రానివ్వండి

గడ్డి పేరు అడిగేవాళ్లు ముందుగా చూపించేది ఆకు. గడ్డి విషయంలో ఆకును నమ్ముకుంటే పని కాదు.

రోడ్డు పక్కన, కాలవ గట్ల మీద, మామిడి తోటల నీడన మనిషెత్తు దుబ్బులు కట్టే గినీ గడ్డినే తీసుకోండి. పుట్టిల్లు ఆఫ్రికా. పశువుల మేతకని తెచ్చారు. అది చేను దాటి, ఎవరూ నాటకుండానే గింజ రాల్చుకుంటూ ఏటేటా బతికేస్తోంది. కంకి లేనప్పుడు దాన్ని కొందరు నేపియర్ అంటారు, కొందరు అడవి జొన్న అంటారు. ఈ రెండో అనుమానాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. జొన్న నాము, అంటే లేత జొన్న పిలకలు, మేసిన పశువు విషమెక్కి ఏమవుతుందో రైతులకు నేను చెప్పక్కర్లేదు. జొన్నకు దగ్గరి చుట్టమైన జాన్సన్ గడ్డి లేత పిలకల్లోనూ ఆ విషం ఉంటుంది.

నేను ముందు మొదలు చూస్తాను. జాన్సన్ గడ్డికి నేలలోపల పొడుగాటి కొమ్ములు పాకుతాయి. గినీ గడ్డి ఉన్నచోటే గుబురుగా పిలకలు వేస్తుంది. కణుపుల మీద నూగు చూడమంటారు గానీ, నూగు లేని మొక్కలూ ఉంటాయి కాబట్టి ఆ సాక్ష్యాన్ని నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. ఆకును వెనక్కి వంచితే, తొడుగుతో కలిసే చోట వెంట్రుకల అంచున్న చిన్న పొర కనిపిస్తుంది. పాఠ్యపుస్తకాల జిహ్విక అదే.

తీర్పు చెప్పేది మాత్రం కంకే. విశాలంగా విచ్చుకుని, అట్టడుగు రెమ్మలు ఒకే కణుపు నుంచి చుట్టూ బయల్దేరితే సగం పేరు దొరికినట్టే. నేపియర్ కంకి బిగువుగా, పొడుగాటి కుచ్చులా ఉంటుంది. జాన్సన్ గడ్డిలో చిరుకంకులు జంటగా వస్తాయి, ఒకదానికి కాడ ఉండదు. గినీలో అన్నిటికీ కాడలే. మూడు మిల్లీమీటర్లు దాటిన ఒక చిరుకంకిని గోటితో ఒలిచి, లోపలి గట్టి పొట్టును భూతద్దంలో చూడండి. అడ్డంగా సన్నటి ముడతలుంటాయి. మన వరిగ పొట్టయితే నున్నగా మెరుస్తుంది. చాలాకాలం ఈ రెంటినీ పానికం ప్రజాతిలోనే ఉంచి, 2003లో గినీ గడ్డిని మెగాథిర్సస్‌కు మార్చారు. మాటిమాటికీ పేర్లు మార్చే శాస్త్రవేత్తలంటే నాకు విసుగే, కానీ ఆ ముడతలు చూశాక ఈసారి తగువు పడబుద్ధి కాలేదు.

పాఠకులకు ఒక విన్నపం. ఫోన్లో ఆకు ఫొటో తీసి పేరు చెప్పమనకండి. కంకి వచ్చేదాకా ఆగి, ఒక పిలకను వేరుతో సహా పెకలించి, పాత పేపర్ల మధ్య ఆరబెట్టి పంపండి. గింజలు ఇట్టే రాలిపోతాయి, వాటిని చిన్న కవర్లో వేయండి. పేరు తేలేదాకా ఆ గడ్డిని పశువుకు వేయకండి.